పేరు పాతదే, మందు కొత్తది: తూటాల రీలోడింగ్‌లో ఒక లాట్ మార్పుపై కేస్ స్టడీ

జూన్‌లో జరిగిన 600 గజాల రైఫిల్ పోటీలో నా మొదటి సైటర్ షాట్ (స్కోరుకు ముందు గురి సరిచూసుకునే షాట్) లక్ష్యం మధ్య నుంచి సుమారు 4 అంగుళాలు పైన పడింది. లక్ష్యాల కింద గోతిలో ఉన్నవాళ్లు లక్ష్యాన్ని కిందికి దించి, రంధ్రంలో గుర్తు బిళ్ల గుచ్చి మళ్లీ పైకి లేపారు. ఆ బిళ్ల పది పాయింట్ల వలయం దాటి, సరిగ్గా నిలువు గీత మీద కనిపించింది. రెండో షాట్ కూడా దాదాపు అక్కడే పడింది. స్కోపును మూడు క్లిక్కులు కిందికి తిప్పి పోటీ పూర్తిచేశాను. స్కోరు మరీ దెబ్బతినలేదు కానీ ఆ రోజంతా మనసు అక్కడే ఉండిపోయింది. వేసవి వేడికి గాలి పలచబడి బుల్లెట్ కాస్త పైకి వెళ్తుందన్న సంగతి నా లెక్కలో ముందే ఉంది. ఆ లెక్క దాటి వచ్చిన 4 అంగుళాలివి.

జనవరిలోనూ ఇదే తుపాకి, ఇదే బుల్లెట్, ఇదే పేరున్న తుపాకి మందు, వందో వంతు గ్రెయిన్ (మందు తూచే చిన్న కొలత) వరకూ తూచిన ఇదే మోతాదు. మారింది మందు డబ్బా ఒక్కటే అని మొదట అనుకున్నాను. కూర్చుని నోటుపుస్తకం తిరగేస్తే మారినవి నాలుగని తేలింది: మందు లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు), ఎండ, ప్రైమర్ల (మందును అంటించే చిన్న మూతల) లాట్, బ్యారెల్ లోంచి వెళ్లిన మరో 300 షాట్లు. వీటిలో ఏది ఎంత చేసిందో విడదీయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో చేసినది, అందులో చేసిన ఒక తప్పు, పక్కనే ఒక మిత్రుడికి తప్పిన ప్రమాదం ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది టెక్సస్‌లో. ఎఫ్-క్లాస్ అనే దూరపు లక్ష్యాల రైఫిల్ పోటీల్లో ఎఫ్-టీఆర్ విభాగంలో .308 వించెస్టర్ తూటాతో కాలుస్తాను. కెనడాకు చెందిన జార్జ్ ఫార్క్వార్సన్ మొదలుపెట్టిన ఈ పోటీలో పడుకుని, మా విభాగంలోనైతే ముందు రెండు కాళ్ల ఆసరా, వెనుక ఇసుక సంచి పెట్టుకుని కాలుస్తారు. 600 గజాల దగ్గర పది వలయం వ్యాసం 6 అంగుళాలు, దాని లోపల ఎక్స్ వలయం 3 అంగుళాలు. దుకాణంలో దొరికే తూటాలతో ఆ చిన్న వలయంలో నిలకడగా నిలవడం కష్టం కాబట్టి, ఇక్కడ చాలామంది కాల్చిన ఇత్తడి గుల్లల్ని మళ్లీ సరిచేసి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి ఇంట్లోనే తూటా తయారు చేసుకుంటారు. సొంత వాడకానికైతే అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం దీనికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే లైసెన్సు తప్పనిసరి. తెలుగు రాష్ట్రాల నుంచి చదివేవారు ఒక విషయం మరవకూడదు. భారత్‌లో 1959 ఆయుధ చట్టం అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. అక్కడ ఈ పని ఇంట్లో చేసేది కాదు.

ఇంకొక మాట. నేను వాడే మందు పేరు, మోతాదు ఈ వ్యాసంలో ఎక్కడా రాయలేదు. ఎవరైనా నా అంకెను తీసుకుని తమ తుపాకిలో వాడితే ఏం జరగవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. మోతాదు కావలసినవారు మందు తయారీదారు ప్రచురించిన తాజా పట్టికను చూడాలి. అందులోనూ ప్రారంభ మోతాదు దగ్గరే మొదలుపెట్టాలి.

లాట్ అంటే ఏమిటి

మా నాయనమ్మ బియ్యం డబ్బా మారిన రోజు గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని చూసి, రెండు కొరికి, అప్పుడు ఎసరు పెట్టేది. సంచి మీద సోనా మసూరి అనే ఉంటుంది. కొత్త బియ్యానికి పాత బియ్యం ఎసరు పోస్తే అన్నం ముద్దవుతుంది, పాత బియ్యానికి కొత్త బియ్యం ఎసరు పోస్తే పలుకు మిగిలిపోతుంది. తుపాకి మందు విషయంలో లాట్ సంఖ్య చేసే పని అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే, మందు కొరికి చూసే వీలు లేదు.

నేటి పొగలేని మందు నైట్రోసెల్యులోజ్‌తో తయారవుతుంది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ చేసిన మందు నుంచి ఈ వరుస మొదలైంది. పత్తి లేదా కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో కలిపి, ద్రావణితో ముద్ద చేసి, సన్నని రంధ్రాల గుండా జంతికల్లా ఒత్తి, చిన్న ముక్కలుగా కోసి ఆరబెడతారు. మండే వేగాన్ని మొదట్లో అదుపు చేసే పూత ఒకటి పైన వేస్తారు. స్థిర విద్యుత్తు చేరకుండా, గింజలు సాఫీగా జారేలా గ్రాఫైట్ పట్టిస్తారు. ముడిసరుకు దగ్గర నుంచి పూత మందం వరకూ ప్రతి దశలో కొంచెం తేడా వస్తుంది. ఇళ్లలో వాడేవారికి అమ్మే మందును కేనిస్టర్ గ్రేడ్ అంటారు. దాన్ని వేర్వేరు లాట్లు కలిపి ఒక హద్దులోకి తెచ్చి డబ్బాల్లో నింపుతారు. పెద్ద తూటా కర్మాగారాలు కొనేది అలా కలపని మందు. అందులో తేడా ఎక్కువే ఉన్నా వాళ్ల దగ్గర పీడనాన్ని కొలిచే ప్రత్యేక బ్యారెళ్లు ఉంటాయి. ప్రతి లాట్‌కూ మోతాదు కొత్తగా నిర్ణయించుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రూస్ హాడ్గ్‌డన్ సైన్యం వద్ద మిగిలిపోయిన ‘4895’ అనే మందు కొని ఇళ్లలో రీలోడ్ చేసుకునేవారికి అమ్మిన నాటి నుంచీ, కర్మాగారానికి ఉన్న ఈ పరికరం లేకుండానే మనం పని చేస్తున్నాం.

.308 వించెస్టర్‌కు అమెరికా పరిశ్రమ ప్రమాణం అనుమతించే గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మన చెంప పక్కన మండే ఆ పీడనాన్ని ఇంట్లో ఏ పరికరమూ నేరుగా చూపదు. మనకు కనిపించేది బుల్లెట్ వేగం ఒక్కటే. దాన్ని పట్టుకునే లోపలి సంగతి ఊహించాలి.

మొదటి పరీక్ష, అందులో నా తప్పు

పోటీ అయ్యాక అదే మైదానంలో, మిగిలిన తూటాలు కాల్చి రాడార్ క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలిచాను. సగటు సెకనుకు 2,683 అడుగులు. జనవరి పేజీలో రాసి ఉన్నది 2,641. అంటే 42 అడుగుల తేడా. 600 గజాల దగ్గర ఈ తేడా నిలువుగా సుమారు 4 అంగుళాలు చూపాలి. చూపింది కూడా అంతే. లెక్క కుదిరింది గాని కారణం తేలలేదు.

ముందు కాటాను అనుమానించాను. 20 గ్రాముల పరీక్ష బరువు పెడితే 308.6 గ్రెయిన్లు చూపాలి, చూపింది. కాటా తప్పు లేదు. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో సగం కంటే కాస్త ఎక్కువ. నా తుపాకిలో ఒక గ్రెయిన్ మందు పెరిగితే వేగం సుమారు 50 అడుగులు పెరుగుతుంది. కాబట్టి కాటా దగ్గర చిన్న పొరపాటు జరిగినా అది వేగంలో కనిపించి తీరుతుంది.

అదృష్టం కొద్దీ పాత లాట్ మందు సుమారు 40 తూటాలకు సరిపడా దాని అసలు డబ్బాలోనే మిగిలి ఉంది. దానితో అయిదు తూటాలు, కొత్త దానితో అయిదు తయారు చేశాను. గుల్లలు, ప్రైమర్లు, బుల్లెట్లు ఒకే పెట్టెలోవి. మందు బరువు రెండింటికీ సమానం, అదీ పాత మోతాదు కాబట్టి గరిష్ఠానికి బాగా కిందే. మైదానానికి వెళ్లి ముందు పాతవి అయిదు, తర్వాత కొత్తవి అయిదు కాల్చాను. పాత వాటి సగటు 2,650, కొత్త వాటిది 2,687. తేడా 37. మందు లాటే దోషి అని ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాసేశాను కూడా.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. పాతవి కాల్చినంత సేపూ కొత్త తూటాలు బెంచీ మీద ఎండలో ఉన్నాయి. ఇత్తడి వేలికి చురుక్కుమనేంత వేడెక్కింది. పైగా కొత్తవి కాల్చే సమయానికి బ్యారెల్ కూడా వేడిగా ఉంది. మందు వేడెక్కితే త్వరగా మండి పీడనం పెరుగుతుంది. వేడికి తక్కువగా స్పందించేలా చేసిన మందుల్లోనూ ఈ గుణం పూర్తిగా పోదు. అంటే నేను కొలిచిన 37లో లాట్ వాటా ఎంతో, ఎండ వాటా ఎంతో తెలియదు. పైగా అయిదేసి షాట్ల సగటు నమ్మదగినది కాదు. ఒకే లాట్‌లో షాట్‌కూ షాట్‌కూ మధ్య ప్రామాణిక విచలనం 9 అడుగులు ఉన్న తూటాలతో అయిదేసి కాల్చి పోలిస్తే, వచ్చే తేడా నిజమైన తేడాకు పది అడుగులు అటూ ఇటూ తప్పడం మామూలే. నేను కొలిచింది కొంత లాట్‌ను, కొంత సూర్యుణ్ణి, కొంత యాదృచ్ఛికాన్ని.

నోటుపుస్తకంలో ఆ పేజీని కొట్టేయలేదు. మీద అడ్డంగా ‘వరుస తప్పు, ఎండ’ అని రాసి ఉంచాను.

ఈలోగా వచ్చిన ఫోను

ఈ మందు నేనొక్కణ్ణే కొనలేదు. ప్రమాదకర వస్తువుగా పంపడానికి విడిగా రుసుము పడుతుంది కాబట్టి నేనూ, ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మిత్రుడూ కలిసి ఆర్డరు పెట్టుకుంటాం. ఆ ఎనిమిది పౌండ్ల డబ్బాలు రెండూ ఒకే లాట్. నా పోటీ జరిగిన మరుసటి వారం ఆయన మైదానం నుంచి ఫోను చేశాడు.

“అన్నయ్యా, మూడో తూటాకే బోల్టు పైకి లేవనంటోంది. అరచేత్తో కొట్టి లేపాల్సి వచ్చింది. ఇంకొకటి కాల్చి చూడనా?”

“వద్దు తమ్ముడూ. ఉన్నవన్నీ పెట్టెలో పెట్టి ఇంటికి వచ్చెయ్.”

బోల్టు అంటే తూటాను లోపలికి తోసి మూసే భాగం, పీడనం మించితే అది బిగుసుకుంటుంది. సాయంత్రం ఆ మూడు గుల్లలు నా బల్ల మీద దీపం కింద పెట్టి చూశాం. మొదటి దాని ప్రైమర్ అంచులు ఇంకా కాస్త గుండ్రంగానే ఉన్నాయి. రెండో దాని ప్రైమర్ చదునై, గుంటలో పోతపోసినట్టు అంచు వరకూ నిండిపోయింది. మూడో దాని అడుగున, అక్షరాలు చెక్కిన చోట, చంద్రవంక ఆకారంలో మెరిసే గీత పడింది. ఇత్తడి ఎజెక్టర్ (ఖాళీ గుల్లను బయటికి నెట్టే భాగం) రంధ్రంలోకి పొంగి, బోల్టు తిరిగేటప్పుడు గీసుకుపోయిన గుర్తు అది. గోటితో తడిమితే తగిలేంత ఎత్తుగా ఉంది. ఇలాంటి గుర్తులు కనిపించలేదంటే పీడనం సరిగా ఉందని అనుకోవడానికి లేదు. కనిపించేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది.

ఆయన మోతాదు పట్టికలోని గరిష్ఠానికి దగ్గరగా ఉండేది. పాత లాట్‌తో రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆయన ప్రతి మోతాదునూ తూచడు. పిడి తిప్పితే గిన్నెలో నిండినంత పడే కొలమానం వాడతాడు. లాట్ మారినా దాని మర ముట్టుకోలేదు. అదే అమరికలో కొత్త మందు పదిసార్లు పోసి ఒక్కొక్కటీ తూచాం. పాత సగటు కంటే అర గ్రెయిన్ ఎక్కువ పడుతోంది. కొత్త లాట్ గింజలు కాస్త దగ్గరగా సర్దుకునే రకం, అంటే అదే గిన్నెలో ఎక్కువ బరువు పడుతుంది. ఒకపక్క మందే చురుకైనది, మరోపక్క అది ఎక్కువగా పడింది. రెండూ ఒకే వైపు లాగాయి.

ఆయన అప్పటికి 80 తూటాలు చేసి పెట్టుకున్నాడు. మూడు పోగా మిగిలిన 77లో బుల్లెట్లన్నీ పట్టుకారు పరికరంతో ఒక్కొక్కటీ లాగి తీశాం. రెండు సాయంత్రాలు పట్టింది. రెండో సాయంత్రం ఆయన, “గరిష్ఠానికి దగ్గరగా ఎందుకు పెట్టుకున్నానో నాకే గుర్తులేదు” అన్నాడు. పాతిక అడుగుల వేగం కోసం పెట్టుకున్నాడు. లక్ష్యం మీద ఆ వేగానికి విలువ ఎంతో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. రెండు క్లిక్కులు.

ఈ సంఘటన తర్వాత నా పరీక్ష పట్ల నాకున్న శ్రద్ధ మారింది. అప్పటివరకూ అది స్కోరు సంగతి అనుకున్నాను.

రెండో పరీక్ష

జూన్ చివరి వారంలో తెల్లవారి ఏడింటికి మైదానం చేరాను. ఉష్ణోగ్రత 80 ఫారెన్‌హీట్. పాత లాట్‌వి 20, కొత్త లాట్‌వి 20. మూడుసార్లు కాల్చిన ఒకే పెట్టె గుల్లలు, అన్నీ ఒకే పొడవుకు కోసినవి. ప్రైమర్లు ఒకే లాట్. బుల్లెట్లు 175 గ్రెయిన్లవి, ఒకే పెట్టె. పాత వాటి ప్రైమర్ మీద నీలం గీత, కొత్త వాటి మీద ఎరుపు గీత. తూటాలన్నీ ఐసు లేని ఒక కూలర్ పెట్టెలో నీడలో పెట్టాను. ముందురోజు రాత్రి నుంచీ అవి అదే గదిలో కలిసే ఉన్నాయి.

బ్యారెల్ కుదురుకోవడానికి వేరే తూటాలు అయిదు కాల్చి, ఆపై ఒక నీలం, ఒక ఎరుపు, ఒక నీలం, ఒక ఎరుపు వరుసలో నలభై. బ్యారెల్ వేడెక్కితే రెండింటికీ సమానంగా వేడెక్కుతుంది, మసి పట్టినా సమానంగా పడుతుంది. తూటాను బ్యారెల్ వెనుక ఉండే ఛాంబర్‌లోకి తోశాక పదిహేను సెకన్లలోపు కాల్చాలని నియమం పెట్టుకున్నాను. వేడి ఛాంబర్‌లో తూటా ఎక్కువసేపు ఉంటే ఆ ఒక్క షాట్ వేగం ఎగిరిపోతుంది. ఒకసారి గాలి కోసం ఆగాల్సి వచ్చింది. అప్పుడు ఆ తూటాను బయటికి తీసి పెట్టెలో పెట్టి, చివర్లో దాని జతతో కలిపి కాల్చాను.

నీలం సగటు 2,652. ఎరుపు సగటు 2,678. తేడా 26 అడుగులు, లెక్క ప్రకారం అటూ ఇటూ ఆరు. మొదటి పరీక్ష చెప్పిన 37 కంటే ఇది బాగా తక్కువ.

ఇప్పుడు జూన్ పోటీ అంకెను విడగొట్టవచ్చు. జనవరిలో 48 డిగ్రీల దగ్గర 2,641 ఇచ్చిన పాత లాట్ 80 డిగ్రీల దగ్గర 2,652 ఇచ్చింది. ఈ 11 అడుగుల్లో ఎండతో పాటు ప్రైమర్ల మార్పూ, బ్యారెల్ అరుగుదలా కలిసే ఉన్నాయి. వాటిని ఇంకా విడదీయాల్సిన అవసరం నాకు లేదు. పోటీ రోజు 97 డిగ్రీలు కాబట్టి ఆ 11 అడుగులు ఇంకో ఆరేడు పెరుగుతాయి. దానికి లాట్ తేడా 26 కలిపితే 43 లేదా 44. నేను కొలిచిన 42కి దగ్గరగా ఉంది. 4 అంగుళాల్లో సుమారు రెండున్నర లాట్ పని, మిగతాది ఎక్కువగా ఎండ పని.

తేమ సంగతి కూడా ఆలోచించాను. నైట్రోసెల్యులోజ్ మందు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొడి గాలిలో వదిలేస్తుంది. ఎండిన మందు చురుగ్గా మండుతుంది. నా పాత డబ్బా రెండేళ్లుగా ఏసీ గదిలో మూత తీస్తూ పెడుతూ వాడినది కాబట్టి, అది ఎండి ఉంటే వేగం పెరిగి ఉండాలి. అయినా కొత్తదే ముందుంది. అంటే రెండు డబ్బాలూ తాజాగా ఉన్నప్పుడు కొలిచి ఉంటే తేడా ఇంకాస్త ఎక్కువే తేలేదేమో. పాతది నెమ్మదించడం వల్ల ఈ తేడా వచ్చిందన్న వాదన మాత్రం నిలవదు.

మోతాదు మళ్లీ కట్టడం

26 అడుగులంటే నా తుపాకిలో సుమారు అర గ్రెయిన్. గురివింద గింజలో నాలుగో వంతు. నేరుగా అర గ్రెయిన్ తగ్గించి 200 తూటాలు చేసేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. నా మోతాదు మధ్యస్థం కాబట్టి బహుశా ఏమీ కాకపోయేది. కానీ మిత్రుడి మూడో గుల్ల బల్ల మీదే ఉంది. అందుకే పద్ధతి ప్రకారం పట్టికలోని ప్రారంభ మోతాదు దగ్గర మొదలుపెట్టి, 0.3 గ్రెయిన్ల మెట్లతో పైకి వచ్చాను. ఒక్కో మెట్టుకు మూడు తూటాలు. ప్రతి గుల్లనూ, ప్రైమర్‌నూ భూతద్దంతో చూసి, బోల్టు ఎత్తేటప్పుడు రెండు వేళ్లతోనే ఎత్తుతూ. పాత మోతాదుకు అర గ్రెయిన్ తక్కువ దగ్గర వేగం పాత గీతను తాకింది. అక్కడ ఇరవై తూటాలు చేసి కాల్చితే సగటు 2,653 వచ్చింది. వంద గజాల దగ్గర పది షాట్ల గుంపు పాత లాట్ గుంపులో ఒదిగిపోయింది. బుల్లెట్ కూర్చునే లోతును కదపాల్సిన పని రాలేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక మెలిక ఉంది. రెండు లాట్ల వేగం కలిసిందంటే పీడనం కూడా కలిసినట్టు అనుకుంటారు. చురుకైన మందు అదే వేగాన్ని ఇవ్వడానికి కాస్త ఎక్కువ శిఖర పీడనం తీసుకుంటుంది. నా తేడా చిన్నది కాబట్టి అది లెక్కకు రాదు. కానీ ఇది తిరగబడిన సందర్భం ఊహించండి. కొత్త లాట్ నెమ్మదిగా మండేదై, వేగం పాతిక అడుగులు తగ్గిందనుకోండి. పాత వేగాన్ని అందుకోవడానికి మందు పెంచుతూ పోయి పట్టిక గరిష్ఠాన్ని దాటేవాళ్లు ఉన్నారు. లాట్ నెమ్మదైనది కాబట్టి ఫరవాలేదని వాళ్ల వాదన. నెమ్మదైనదని తెలిసింది ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే తుపాకిలో, కొన్ని షాట్లతో. నేనైతే గరిష్ఠం దగ్గరే ఆగి, స్కోపు తిప్పుకుంటాను.

రెండు లాట్లు కలిపేసి ఒకటి చేసుకోవడం గురించి కూడా నన్ను అడుగుతారు. నేను కలపను. కలిసిన మందుకు పేరూ ఉండదు, సంఖ్యా ఉండదు. రవాణాలో, కుదుపుల్లో గింజలు మళ్లీ విడిపోతే డబ్బా పైభాగం ఒకలా, అడుగు ఒకలా ఉండవచ్చు. చివర మిగిలిన పాత మందును కొత్త డబ్బాలో పోసేసేవాళ్లకు నేను చెప్పే మాట కూడా ఇదే. మిత్రుడి తూటాల నుంచి తీసిన మందును కూడా ఏ డబ్బాలోనూ తిరిగి పోయలేదు.

.22 రిమ్‌ఫైర్ (గుల్ల అంచులోనే ప్రైమర్ ఉండే చిన్న తూటా) కాల్చేవారికి, హైదరాబాద్‌లో ఉన్నవారితో సహా, ఈ గొడవంతా మరో రూపంలో బాగా తెలుసు. ఆ తూటాలు మళ్లీ నింపేవి కావు. కాబట్టి వాళ్లు చేయగలిగింది లాట్లు పరీక్షించి, తమ తుపాకికి నప్పిన లాట్‌నే పెద్ద మొత్తంలో కొనుక్కోవడం. జర్మనీలో షోనెబెక్ దగ్గర లాపువా, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఈలీ సంస్థలు ఇందుకోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. అక్కడ షూటర్ తన తుపాకితో వెళ్లి వరుసగా లాట్లు కాల్పించి ఎంచుకుంటాడు. లాట్ సంఖ్యకు వాళ్లిచ్చే గౌరవం రీలోడింగ్ చేసే మనవాళ్లలో ఇంకా రాలేదు.

నా బల్ల దగ్గర ఇప్పుడు మారినవి కొన్ని ఉన్నాయి. ప్రతి తూటా పెట్టె మీదా మందు పేరు కంటే పెద్ద అక్షరాలతో లాట్ సంఖ్య రాస్తున్నాను. ఎనిమిది పౌండ్ల డబ్బాలే కొంటున్నాను, ఒక సీజను మొత్తం ఒకే లాట్‌తో గడిచేలా. ఇళ్లలో నిల్వకు అమెరికా అగ్నిమాపక ప్రమాణం (ఎన్‌ఎఫ్‌పీఏ 495) అసలు డబ్బాల్లోనే 20 పౌండ్ల వరకూ అనుమతిస్తుంది, ఆపై 50 వరకూ అంగుళం మందం చెక్కపెట్టె కావాలి. కాబట్టి రెండు పెద్ద డబ్బాలకు మించి నా అలమరలో ఉండవు. కొలమానపు గొట్టంలో మందు రాత్రంతా వదలడం లేదు. లాట్ మారే సమయంలో ప్రైమర్లు గాని, బుల్లెట్లు గాని మార్చడం లేదు. మిత్రుడు తన మోతాదును గరిష్ఠం నుంచి బాగా కిందికి దించుకున్నాడు, కొలమానం పక్కన కాటా పెట్టుకున్నాడు.

ఆగస్టు పోటీలో నా మొదటి సైటర్ మధ్య గీతకు ఒక అంగుళం కింద పడింది. క్లిక్కులు ముట్టుకోలేదు.

ఇప్పుడు వాడుతున్న డబ్బా అడుగు కనిపించడానికి ఇంకా కొన్ని నెలలు ఉంది. దాని తర్వాతి డబ్బా మొన్న వచ్చింది. సీలు తీయలేదు. చీటీ మీద పేరు అదే, లాట్ సంఖ్య వేరు. ఇప్పుడు వాడుతున్న దాంట్లోంచి చివరి 40 తూటాల మందు మిగల్చాలని దాని మూత మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాను.